చూచిరాత

చదవడం, రాయడం యంత్రాలకే అప్పగించాక ఊళ్లో అక్షరాలొచ్చినవాళ్లు కరువయ్యారు. ఎస్సై పరీక్షకు మాత్రం రెండూ రావాలి. అందుకే స్వరూప రిటైరైన స్టేషన్ రైటర్ వీరాస్వామి దగ్గర చూచిరాత నేర్చుకుంటోంది.

ఆ రోజు ఆయన ఒక పాత వాంగ్మూలం ఇచ్చాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"నా కొడుకు జబ్బు చేసి పోయాడు. పోలీసులు కొట్టలేదు. నాకెవరిమీదా ఫిర్యాదు లేదు."

కింద స్వరూప వాళ్లమ్మ పేరు, వేలిముద్ర. లాకప్‌లో పోయిన అన్న కేసు నడుస్తోందని అమ్మ ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది.

"అమ్మ వేలిముద్ర వేసేముందు స్టేషన్‌లో యంత్రం ఇలా చదవలేదు సార్. కొట్టి చంపారనే చదివింది."

"మేం ఏం చదవమంటే అది చదువుద్ది. రాసింది నేను. నువ్విది చెయ్యి వణక్కుండా రాస్తేనే ఎస్సైవి అవుతావమ్మా."

స్వరూప పదిసార్లు రాసింది. పదోసారి చెయ్యి వణకలేదు.