ఐదో దగ్గు

ఖళ్... ఖళ్... ఖళ్.

పరదా అవతల ఎవరో దగ్గారు. ఇవతల కుర్చీలో కూర్చున్న చూపులేని ముసలమ్మ తల పక్కకు వంచింది.

"దూది మిల్లు. దగ్గు చివర పీచు చుట్టుకుంటోంది, విన్నారా బాబూ?"

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. గోడకు ఆనుకున్న మేనేజరు నవ్వాడు. రాతిపొడి షెడ్డు అతనిది. దుమ్ముతో జబ్బు రాదని, అది కూలీల ఇళ్ళలో తాతలనాటి నుంచీ ఉన్న దగ్గేనని అతని వాదన. పని పనికీ ఒక దగ్గు ఉందని డాక్టరు నమ్మకం. పందెం కుదిరింది. ఐదుగురినీ మేనేజరే ఎంచి తెచ్చాడు. ఐదుగురి పనీ ఈమె చెప్పగలిగితే, దుమ్ము అణిచే నీటి గొట్టాలు వేయించేదాకా షెడ్డు మూసేస్తానని సంతకం కూడా పెట్టాడు.

ఆ చెవులకు ఆ విద్య ఊరికే అబ్బలేదు. భర్త, పెద్దకొడుకు ఆ దుమ్ము మింగే పోయారు. షెడ్డు గడప తొక్కనని చిన్నకొడుకు చేత ఒట్టు వేయించుకుంది. వాడిప్పుడు పుస్తకాల కొట్టులో గుమాస్తా అని పొద్దున డాక్టరుకు మురిసిపోతూ చెప్పింది. తలారా స్నానం చేసిగానీ ఇల్లు చేరడట. వచ్చింది మొదలు రేడియో హోరెత్తిస్తాడట. అంత హోరులోనూ పోయిన పెనిమిటి దగ్గు గోడల్లోంచి వినిపిస్తూనే ఉంటుందని, ఆ మాట మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

రెండోది పిండిమర. మూడోవాడు రంగులు కలిపేవాడు. "వాడికి దగ్గుకన్నా రంగుల్లోని సీసం తెచ్చిన కడుపునొప్పి ఎక్కువ, ఆ మూలుగు వినండి" అంది. నాలుగోది సున్నపు బట్టీ. నాలుగూ నిజమే. మేనేజరు నవ్వు మాని మెడ తుడుచుకున్నాడు.

ఐదోవాడు ఎంతకీ దగ్గలేదు. పరదా వెనక ఎవరో ఊపిరి బిగబట్టుకున్న నిశ్శబ్దం.

బిగబట్టి, బిగబట్టి, తెగింది. పొడిగా, లోతుగా, రాయి పగిలినట్టు.

ఆ దగ్గును ఆమె ఇదివరకే రెండుసార్లు శ్మశానానికి సాగనంపింది.

"ఏ పనమ్మా?" డాక్టరు మెల్లగా అడిగాడు.

"రాతిపొడి షెడ్డు. మూడేళ్ళ పైమాటే."

మేనేజరు తల వంచుకున్నాడు. డాక్టరు కలం మూశాడు. ఆమె మాత్రం లేచి, తడుముకుంటూ వెళ్ళి, పరదా మీద అరచేయి ఆనించింది.

"ఇన్నాళ్ళూ మీ నాన్నే అనుకున్నాను కదరా, చిన్నోడా."