తారుమారు వేషాలు

"మోకాళ్ళ మీద కూర్చో."

తేజ గొంతు మైకులో ఖంగుమంది. హాల్లో గుసగుసలు ఆగిపోయేయి. తేజ తడబడకుండా మాట్లాడడం ఆ హైస్కూల్లో ఇంతవరకూ ఎవరూ వినలేదు. వాడికి నత్తి. హాజరు పలకడానికే నానా తిప్పలూ పడతాడు.

ఎదురుగా నిలబడ్డ ఆకాష్ మారుమాట లేకుండా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అది నాటిక. తోటి పిల్లల్ని ఏడిపించడం తప్పని చెప్పడానికి ముమ్మిడివరం దగ్గర ఓ బళ్ళో పెట్టిన కార్యక్రమం. అందులో చివరి అంశం. తొమ్మిదో తరగతిలో తేజని రోజూ "నత్తోడా" అని వెక్కిరించేది ఆకాషే. అందుకే లిడియా టీచర్ వేషాలు తారుమారు చేసింది. ఏడిపించేవాడు తేజ, ఏడ్చేవాడు ఆకాష్. "మాటలు మీరే అనుకోండి, నేను రాసివ్వను" అని ఇద్దరికీ చెప్పింది. అవతలివాడి బాధ ఆకాష్‌కి తెలియాలని ఆవిడ ఆశ.

"చేతులు వెనక్కి పెట్టు. తల దించు," అన్నాడు తేజ. "నీ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. దేనికీ పనికిరావు నువ్వు. నీకు పెట్టే తిండి కూడా దండగే."

నవ్వబోయిన పిల్లలు నోళ్ళు మూసుకున్నారు.

"ఏడుస్తున్నావా? ఏడిస్తే ఇంకో రెండు పడతాయి. మీ అమ్మకి చెప్పుకుంటావా? చెప్పుకో. మీ అమ్మ ఏం చేస్తుందో నేనూ చూస్తాను."

తేజ చెయ్యెత్తేడంతే. దగ్గరికి కూడా రాలేదు. ఆకాష్ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని నేల మీద ముడుచుకుపోయేడు. భుజాలు అదురుతున్నాయి. వెక్కిళ్ళు మైకు లేకుండానే వినిపిస్తున్నాయి.

బాగా నటించేడనుకుని ఎవరో చప్పట్లు కొట్టేరు. మిగతావాళ్ళెవరూ అందుకోలేదు.

లిడియా టీచర్ గబగబా వెళ్ళి ఆకాష్ భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఉలిక్కిపడి ఇంకా ముడుచుకున్నాడు.

"ఇంకెప్పుడూ చెయ్యనండి," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అయిపోయింది నాన్నా. నాటిక అయిపోయింది."

ఆవిడ ఇదివరకు ఉత్త వెక్కిరింతలే అనుకుంది. ఇన్నాళ్ళూ తేజ ఇంత ఘోరం భరిస్తున్నాడా? అదీ తన క్లాసులో?

మొదటి వరసలోంచి ఆకాష్ తండ్రి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు లేచేరు. ఆయన రొయ్యల చెరువులున్న ఆసామి, స్కూలు కమిటీ ఛైర్మన్. ఆ పూట ముఖ్య అతిథి కూడాను. మెళ్ళో దండ తీసి కుర్చీలో పడేసి స్టేజీ ఎక్కేరు.

"ఏవిటండీ టీచర్‌గారూ ఇది? మావాణ్ణి స్టేజీ ఎక్కించి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తిట్టిస్తారా?"

"నాటికండి..."

"నాటికలో ఇలాంటి మాటలా? ఇంతమందీ ఏమనుకుంటారు? మావాడు బళ్ళో వీణ్ణి ఇలాగే అంటున్నాడనేగా?"

లిడియా టీచర్ అనుకున్నదీ అదే. తేజ వైపు తిరిగింది.

"తేజా, నిజం చెప్పు. భయపడకు. ఆకాష్ నిన్ను ఈ మాటలన్నీ అంటాడా?"

వేషం దిగిపోయింది. తేజకి మళ్ళీ మాట అడ్డం పడింది.

"లే... లేదండి. న... నత్తోడా అంటాడంతేనండి."

"విన్నారు కదండీ," అన్నారు ఛైర్మన్‌గారు హాలు వైపు తిరిగి. తర్వాత తేజ మీదికి వంగేరు. "మరి ఇవన్నీ ఎవరు నేర్పేర్రా నీకు? మీ ఇళ్ళల్లో ఇలాగే మాట్లాడుకుంటారా?"

వెనక వరసలో తేజ తల్లి రాహేలు లేచి నిలబడింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"మేం పిల్లాణ్ణి ఎప్పుడూ ఇలాటి మాట అనలేదండీ. వాడికివన్నీ ఎక్కణ్ణించి వచ్చేయో నాకూ తెలీట్లేదండి."

"కన్నతల్లివి, నీకు తెలీదా? పెంపకం చూస్తేనే తెలుస్తోంది." ఛైర్మన్‌గారు తేజ జబ్బ పట్టుకున్నారు. "చెప్పరా. నోరు తెరువు."

తేజ నోరు తెరిచేడు. మాట రాలేదు.

"కొంచెం ఆగండి," అంది లిడియా టీచర్. ఆయన చెయ్యి విడిపించింది. "వాడికి టైము పడుతుందండి. చెప్పనివ్వండి."

అప్పుడు నేల మీంచి ఆకాష్ తలెత్తేడు. మొహం నిండా కన్నీళ్ళు.

"తేజా, వద్దురా. చెప్పకు."

అంత మెత్తగా వాడు తేజని పేరు పెట్టి పిలవడం కూడా అక్కడెవరూ ఎరగరు.

తేజ వాడి వైపు చూసేడు. తర్వాత అంత దూరాన నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటున్న తల్లి వైపు చూసేడు.

"మా అ... అమ్మనంటున్నారు కదరా," అన్నాడు.

ఆ తర్వాత ఛైర్మన్‌గారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని, ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పేడు.

"నాకు తి... తిట్టడం రాదండి. ఏమనాలిరా అని అడిగితే ఆ... ఆకాషే నేర్పేడండి. అన్నీ మీరు ఇంట్లో వాణ్ణి రో... రోజూ అనేవేనంటండి."