మొండి తాళం

"బ్యాంకు నుంచండీ. బాకీపడ్డ ఇల్లొకటి రేపు జప్తు చేస్తున్నాం. మీరొచ్చి తాళం మార్చాలి."

అడ్రసు విని తాళాలు బాగుచేసే ఆయన గతుక్కుమన్నాడు. అది తన ఇల్లే! ఆ ఇల్లు కొనడానికొచ్చినావిడకి భార్య లోపల వంటగది చూపిస్తోంది.

"ఆ తాళమా! మహా మొండి ఘటమండీ. వారం పడుతుంది."

"అయితే ఇంకొకరిని పిలుచుకుంటాం."

"ఊళ్లో మిగిలిన ఇద్దరూ మా బావమరుదులే. నన్నడక్కుండా మేకు కూడా ముట్టుకోరు."

అవతల నిట్టూర్పు. "సరే, వారమే!"

ఫోను పెట్టి తిరిగితే ఎదురుగా కొనడానికొచ్చినావిడ.

"ఎవరింటి తాళమండీ అది?"

వెనక నుంచి భార్య చెప్పొద్దని తల ఊపుతోంది.

"మీరు నిలబడ్డ ఇంటిదేనండీ. బాకీ ఉందని బ్యాంకు వాళ్లు జప్తుకొస్తున్నారు. తాళానికి వారం పడుతుందన్నాను," అన్నాడు.

ఆవిడ వీధి తలుపు దగ్గరకెళ్లి తాళం అటూ ఇటూ తిప్పి చూసింది.

"బ్యాంకుకే లొంగలేదంటే గట్టిదే! వారంలోపే మీ బాకీ నేను తీర్చి ఇల్లు రాయించుకుంటాను. తాళం మాత్రం మార్చకండి."