పలువరస

"శనివారం శనివారం నా పెండ్లాం నీ దగ్గరికి ఎందుకొచ్చేది?"

ఇశ్రాయేలు గొంతుకు మాదాపూర్ గ్యాలరీలో సగం తలలు ఇటు తిరిగాయి. కిరణ్ పాల్ చేతిలోని జ్యూస్ గ్లాసును మెల్లగా బల్లమీద పెట్టాడు. చెవికి పోగు, నెత్తిన పిలక. ఆ పిలక చూస్తేనే ఇశ్రాయేలుకు ఒళ్ళు మండింది.

"ఫోన్‌ల చెప్పిన కదా అంకుల్. విమల ఆంటీ మా దగ్గర మట్టిపని నేర్చుకున్నది. పోయేముందు చేసిన బొమ్మను ఈ పోటీకి పంపినం. జడ్జీలు మొదటి బహుమతి ఇచ్చిన్రు. మీరొచ్చి తీసుకుంటే..."

"నాకు చెప్పింది వేరే. శనివారం దవాఖానల డ్యూటీ అన్నది. పోయి అడిగితే ఆ దినం ఆమెకు సెలవు అన్నరు. నర్సమ్మ గోళ్ళల్ల మట్టి ఎట్లొస్తదిరా?"

'రా' అనేసరికి గ్యాలరీ చూసుకునే ప్రశాంతి పరుగున వచ్చింది. "సార్, కాస్త మెల్లగానండి. లోపల జడ్జీలున్నారు."

"ఉండనీ. వాళ్ళ బహుమతి కోసం రాలే నేను. సమాధి మీద రాయి పెట్టియ్యాలె. 'ప్రియమైన భార్య' అని చెక్కాల్నా అని రాయి చెక్కేటోడు అడుగుతుండు. చెక్కాల్నో వద్దో ఇయ్యాల తేలాలె."

 ప్రశాంతి అతని ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళూ అతన్నే చూశారు. ఒకామె రెండో ఆమె చెవిలో ఏదో ఊదింది.

హఫీజ్‌పేట్ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ ఇశ్రాయేలు అనుకున్నది ఇదే. లోకమంతటికీ తెలుసు, తెలియనిది మొగుడికొక్కడికే. కోపం వచ్చినప్పుడల్లా చేసే పనే ఇప్పుడూ చేశాడు. ఎడమ కనుబొమ మీది పాత గాటును బొటనవేలితో రుద్దుకున్నాడు.

"బొమ్మ చూపియ్యి."

లోపలి గదిలో దీపాల కింద వరసగా పెట్టినవి కుండలట. ఒకటి నలిగిన గోనెసంచిలా ఉంది, ఒకటి సగం కూలిన చెదపుట్టలా ఉంది. నీళ్ళు నిలవని కుండ ముందు నిలబడి మనుషులు తలలూపుతున్నారు. ఇశ్రాయేలు వాటివైపు చూడకుండా నడిచాడు.

చివర, ఒంటరిగా ఒక దిమ్మ మీద, మగవాడి తల.

నవ్వుతున్నాడు. మర్యాదకు నవ్విన నవ్వు కాదు. తల వెనక్కి వేసి, కళ్ళు మూతలు పడి, బుగ్గలు ఉబ్బి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ముఖమంతా పచ్చటి పూత, పళ్ళు మాత్రం తెల్లగా వదిలేసి ఉన్నాయి. ముందరి రెండు పళ్ళ మధ్య వడ్లగింజ పట్టేంత సందు. ఎడమ కంటిపైన సన్నని గీత. బట్టీలో పగిలి ఉంటుందనుకున్నాడు.

దగ్గరికి వంగి చూశాడు. పూత కింద విమల వేళ్ళ జాడలు కనిపిస్తున్నాయి, బుగ్గల మీద, పెదవుల చుట్టూ. ఇష్టం లేనివాడి ముఖాన్ని ఏ ఆడదీ అంతసేపు నిమరదు.

"ఎవడీడు?"

కిరణ్ పాల్ తెల్లబోయాడు. "గుర్తుపట్టలేదా అంకుల్?"

"పడత. ఇప్పుడే పడత."

వెనక్కి తిరిగాడు. ముఖాలు చూడలేదు, నోళ్ళు చూశాడు. గడ్డం జడ్జి ఎవరితోనో ఇకిలిస్తున్నాడు. పళ్ళు గారపట్టి ఉన్నాయి, సందు లేదు. జ్యూస్ పంచే పెద్దమనిషికి ముందు పళ్ళే లేవు. ఫొటోలు తీసేవాడు నోరు తెరవలేదు. ఇశ్రాయేలు వాడి ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"నవ్వు జర."

వాడు భయపడి నవ్వాడు. వాడూ కాదు.

"అంకుల్, వాళ్ళనెందుకు పరేషాన్ చేస్తరు? ఇటు రండి, కూసొని మాట్లాడుకుందాం," అంటూ కిరణ్ పాల్ అతని భుజం మీద చెయ్యి వేసి, జనం చూస్తున్నారని ఇబ్బందిగా నవ్వాడు.

ముందరి పళ్ళ మధ్య సందు. సరిగ్గా వడ్లగింజంత.

ఇశ్రాయేలు అతని అంగీ మెడపట్టి దిమ్మ దగ్గరికి ఈడ్చాడు. దిమ్మ ఊగింది. ప్రశాంతి కెవ్వుమని బొమ్మను రెండు చేతులా వాటేసుకుంది.

"చూడు! పళ్ళు నీయే!"

"ఔ అంకుల్. నాయే."



"ఇన్నరా అందరు? ఒప్పుకున్నడు. ఆమె ఈడోడు కూడ కాదు, కొడుకంతటోడు!" ఇశ్రాయేలు చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.  "ఆఁ, నేనే. ఇశ్రాయేలును. భార్య లేదు, ప్రియమైనదీ లేదు. ఉత్త పేరు చెక్కు. చెక్కుతున్నవా? చెక్కు."

ఫోన్ జేబులో వేసుకుని కిరణ్ పాల్ వైపు తిరిగాడు. "ఇంకేమన్న ఉన్నదా చెప్పేది?"

కిరణ్ పాల్ నలిగిన అంగీ సర్దుకోలేదు. ఒకసారి బొమ్మ కనుబొమ మీది గీతను చూశాడు, ఒకసారి ఇశ్రాయేలు కనుబొమ మీది గాటును చూశాడు.

"పళ్ళొక్కటే నాయి అంకుల్. మా క్లాసుల తెలువనిది ఎదుటోళ్ళను చూసి పెట్టుకుంటం. మిగిలిన ముఖమంతా మీదే. మీరు నవ్వంగ ఆంటీ ఎన్నడూ చూడలేదట."