గాలివైపు కుండీ, గోడవైపు కుండీ

"ఈ రెండు కుండీల జోలికి ఎవరైనా వచ్చారో, నా పరిశోధనంతా బూడిదలో పోసిన పన్నీరే!"

కోడలి హెచ్చరిక అత్తగారికీ, మామగారికీ. మామగారు బుద్ధిగా తలూపారు. ఆయనకు తలూపడమే అలవాటు, వినడం కాదు. చేతిలో బట్టలుతికిన బకెట్ ఉంది.

ఒకే మొక్క నుంచి తుంచి నాటిన కొమ్మలవి. ఒకటి సముద్రం వైపు బాల్కనీలో, ఉప్పుగాలికి. రెండోది పెరట్లో, గోడచాటున. గాలివైపు ఆకు చిన్నదై, మందమై, ఒంటినిండా నూగు కప్పుకోవాలి. గోడవైపు ఆకు పల్చగా, వెడల్పుగా సాగాలి. అలా జరిగితే డాక్టరేటు. లేదంటే ఇన్నేళ్ళ చదువూ అటకెక్కినట్టే.

ఆ వారంలోనే అత్తగారు పొద్దున్నే నడక మొదలుపెట్టారు.

"మోకాళ్ళకు మంచిదట" అన్నారు. చంకలో గొడుగు, చేతిలో సంచీ. తిరిగొచ్చాక మోకాళ్ళు వదిలేసి నడుం పట్టుకుని కూలబడేవారు.

మొక్కలు మాత్రం కోడలు గీసిన గీత దాటలేదు. ఆ ఇంట్లో ఆమె మాట వింటున్నది అవి రెండే. ఒక్కోసారి అతి చేసేవి కూడా.

"అత్తయ్యా! నిన్న ఇటు వంగిన కొమ్మ ఇవాళ అటు వంగింది!"

"గాలి మారి ఉంటుందమ్మా."

"రాత్రికి రాత్రే జానెడు పెరిగింది!"

"నీ చేతి చలవ తల్లీ."

కోడలు పొంగిపోయింది. పెళ్ళయిన ఇన్నాళ్ళకు అత్తగారి నోట ఒక మంచిమాట!

చివరికి పరీక్షాధికారి రానే వచ్చాడు. కళ్ళజోడు నుదుటికెత్తి ఆకుల్ని నలిపాడు, వాసన చూశాడు, కొలిచాడు. మామగారు ఎందుకో బకెట్ వీపు వెనక దాచుకున్నారు.

"ఎంత కచ్చితంగా మారాయమ్మా! ఈ గాలివైపుది అచ్చం ఒడ్డున పుట్టి పెరిగిన మొక్కలాగే ఉంది. నీకు డాక్టరేటు వచ్చినట్టే!"

కోడలు ఏడుస్తూ అత్తగారిని వాటేసుకుంది. అత్తగారూ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

పరీక్షాధికారి గేటు దాటగానే ఆవిడ మామగారిని పెరట్లోకి లాక్కెళ్ళి, పళ్ళు కొరుకుతూ గుసగుసలాడారు.

"ఇకనైనా ఆ సబ్బునీళ్ళు కుండీల్లో పారబోయడం మానండి మహానుభావా, మీరు చంపినప్పుడల్లా గాలివైపు కుండీకి ఇసుకదిబ్బ మీది మొక్కనీ, గోడవైపు కుండీకి తోటచాటు మొక్కనీ వెతికి తవ్వుకొచ్చి పాతలేక నా నడుం విరిగిపోయింది!"