వేడి పొగ గది

"తలుపు ముట్టకు!"

హరిత అరుపుకు కారిడార్ అంతా ఉలిక్కిపడింది.

వేడి పొగ గది తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడో ముసలాయన. ఎలుకల కింద పరిచే ఊక తెచ్చిన ఆటోలో, కూలీలతో కలిసి లోపలికి వచ్చినట్టున్నాడు. చొక్కా నిండా ఊకే.

మహబూబ్‌నగర్ శివార్లలోని ఆ ల్యాబులో ఒక గది ఎలుకలకు సిగరెట్ పొగ. ఇంకో గది వాటికి, పొగాకును కాల్చకుండా వేడిచేస్తే వచ్చే కొత్త రకం పొగ. మూడో గది వాటికి మంచి గాలి. ఏది ఎంత హాని చేస్తుందో తేల్చాలి. హరిత నడిపిస్తున్న ఈ ఏడాదిన్నర పరీక్షకు ఇంక వారమే మిగిలింది. ఇప్పుడా తలుపు తెరిస్తే గాలులు కలిసిపోయి, పడ్డ కష్టమంతా మట్టిపాలే.

"ఎవరు నువ్వు? ఎలుకలను వదిలిపెట్టనీకొచ్చినవా?"

"లేదు బేటీ. నన్ను లియాఖత్ అలీ అంటరు. ఒక్క మాట చెప్పు, పోత. గీ కొత్త పొగ పీల్చిన ఎలుకలు మంచిగున్నయా?"

హరితకు ఒళ్లు మండింది. పరీక్ష ముగిసేలోపు ఆ సంగతి బయటికి పొక్కకూడదు. వీడు జాలితో వచ్చినవాడు కాదు, ఏ కంపెనీయో పంపిన మనిషి!

"ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎవ్వరు పంపలే. జర చెప్పు బేటీ. నాకు టైం లేదు."

"చెప్ప. తలుపు వదులు."

ఆయన చెయ్యి పిడి మీద ఇంకా బిగిసింది. వాచ్‌మన్ సైదులు లాఠీతో వెనకనుంచి మెల్లగా వస్తున్నాడు. హరిత ఒక అడుగు ముందుకేసింది.

"అది తెరిస్తే పరీక్ష మొత్తం పాడైతది. నిజం ఎవ్వరికి తెల్వకుంట పోతది."

లియాఖత్ అలీ చటుక్కున చెయ్యి తీసేశాడు.

"అట్లైతే వద్దు బేటీ. నిజం తేలాలె."

ఆ మాటకు కరిగిపోతే ఆమె హరిత ఎందుకవుతుంది? పోలీసులను పిలిచింది, కేసు పెట్టింది. జీపు ఎక్కేదాకా ఆయన దగ్గుతూనే ఉన్నాడు.

పరీక్ష పూర్తయిన మర్నాడు ఆయన భార్య గులాబ్‌బీ గేటు దగ్గరికి వచ్చింది.

"ఆయన మీది కేసు వాపసు తీసుకోర్రి మేడం. మనిషే లేడు."

హరిత గేటు తీసి బయటికి వచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఊపిరితిత్తులు పాడైనయని దవాఖానల చెప్పిన్రు."

పాపం అనిపించింది. అయినా అనుమానం చావలేదు.

"ఆయనను ఇక్కడికి ఏ కంపెనీ పంపింది?"

"ఏ కంపెనీ పంపలే. ఒక సిగరెట్ కంపెనీల పొగ రుచి చూసే నౌకరీ ఆయనది. పొద్దుగాల సిగరెట్ తాగాలె, మాపటికి గీ కొత్తది పీల్చాలె, ఎట్లున్నయో చెప్పాలె. పానం చెడి మానేసిండు మేడం. కొత్త పొగతోని ఏం కాదని వాళ్లు చెప్తే నమ్మి, గిప్పుడా కుర్చీల మా కొడుకు కూసుంటున్నడు."