ఎనభైమూడో పేజీ

"ఈ ముచ్చట నీకెవరు చెప్పిండ్రు సారూ?"

యాకయ్య నవలను బల్ల మీద పెట్టి, ఎనభైమూడో పేజీని వేలితో నొక్కిపట్టాడు. అతని భార్య సమ్మమ్మ చేతిసంచితో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నవల రాసిన సుందర్ రావు కళ్ళద్దాలు వెతుక్కున్నాడు. కూతురు తప్పిపోయిన తల్లిదండ్రుల కథ అది. అచ్చయి ఎనిమిది నెలలైంది. మెచ్చుకునేవాళ్ళెవరూ వరంగల్ కొత్తవాడలో అతని ఇల్లు వెతుక్కుంటూ రాలేదు. ఇతను మెచ్చుకోవడానికి వచ్చినట్టు లేదు.

"ఏ ముచ్చట?"

"గిది." యాకయ్య కూడబలుక్కుని చదివాడు. "'ఆ పిల్ల మార్కుల మెమో కోసం ఇల్లంతా వెతికింది. దొరకలేదు. అది బియ్యం డబ్బా అడుగున, పత్తి గింజల ఖాళీ ప్యాకెట్లో ఉంది.' ఇది నా ఇంట్ల జరిగింది సారూ. మా యమున పోయి ఆరేండ్లు. నెక్కొండల మా బియ్యం డబ్బా సంగతి నీకెట్ల తెలిసె?"

"ఊహించి రాసిన."

"పత్తి గింజల ప్యాకెట్ గూడ ఊహించినవా?"

సుందర్ రావు బీరువా తెరిచి చేతిరాత ప్రతి తీశాడు. పేజీలు తిప్పాడు. ఆ మూడు వాక్యాలు లేవు. వెనక్కి తిప్పాడు. అక్కడా లేవు.

"మరి పుస్తకంలకు యాడికెల్లి వచ్చినయ్?"

"నేను పెన్నుతోని రాస్త. పోచమ్మ మైదాన్ల డీటీపీ షాపుల కొట్టిస్త. అచ్చుకు ముందు దిద్దినప్పుడు ఇవి కనబడ్డయ్. మంచిగున్నయి, నేనే రాసి మర్చిపోయిన్నేమో అనుకున్న." అతని గొంతు తగ్గింది. "చదివినోళ్ళు మెచ్చుకున్నది గూడ గీ మూడు ముక్కల్నే."

అతని సిగ్గుతో యాకయ్యకు పనిలేదు. "అంటే కొట్టినోళ్ళు కలిపిండ్రు. సమ్మమ్మా! మన బిడ్డనే గది! బతికే ఉన్నదే!"

సమ్మమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "నాలుక ఎండుకపోతాంది. జర నీళ్ళు తాగొస్త" అని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

"నీళ్ళు తాగుతానవా, బాయి తవ్వుతానవా?" యాకయ్య అరిచాడు.

వచ్చింది. "ఇయ్యాల వద్దయ్యా. మల్ల బస్సు అందది. రేపొద్దాం."

"ఆరేండ్లు తిరిగిన. బస్సు పోతే పోనియ్, నడిచి పోత."

ముగ్గురూ ఆటో ఎక్కారు. యాకయ్య సంచిలోంచి ఒక పోస్టర్ తీసి సుందర్ రావు ఒళ్ళో పరిచాడు. రెండు జడల పిల్ల. పైన 'తప్పిపోయినది' అని ఎర్ర అక్షరాలు.

"ఏటేటా కొట్టిస్త. నెక్కొండ దిక్కు, ములుగు దిక్కు నేనే అంటిస్త. వరంగల్ల ఈమె అంటిస్తది. మైదా ఉడకబెట్టేది గూడ ఈమెనే."

"వరంగల్ల నేనెక్కడ చూడలేదే?"

"చింపుతరు. చదువుకున్నోళ్ళకు గోడల మీదున్న ప్రేమ మా బిడ్డల మీద ఎందుకుంటది?"

సమ్మమ్మ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

సుందర్ రావుకు ఇంకో సందేహం మిగిలింది. "మెమో డబ్బాల పెట్టిందెవరు?"

"నేనే." యాకయ్య తడుముకోలేదు. "తెల్లారితే నర్సింగు కౌన్సెలింగు. పోతే ఇంక మాటింటదా? మా అక్క కొడుక్కిస్తనని మాటిచ్చిన. పాపం, వాడు ఇప్పటిదాంక లగ్గం చేసుకోలే సారూ. దీని కోసమే ఉన్నడు. దొరకంగనే ఈ నెలల్నే చేసేస్త."

"మరి మెమో డబ్బాల ఉన్నదని యమునకెట్ల తెలిసింది?"

"దానికేం తెలుసు? తెల్లారేసరికి ఇంట్ల లేదు. వారం దినాలకు బియ్యం అడుగంటితె సమ్మమ్మ చేతికి తగిలింది. నేను గుంజుకొని పెట్టెల ఏసి తాళమేసిన. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ..."

ఆటో ఆగింది. మాట సగంలోనే వదిలేసి యాకయ్య దూకాడు. సుందర్ రావు అతని వెనక నడిచాడు. సమ్మమ్మ దిగలేదు.

షాపులో మూడు కంప్యూటర్లు. రెండింటి ముందు మనుషులున్నారు. మూడో కుర్చీ ఖాళీ. దాని ముందు టీ గ్లాసు నిండుగా ఉంది, ఇంకా ఆవిరి పోలేదు.

షాపు నడిపే రాజేశ్వరి పోస్టర్ చూసి నవ్వింది. "మా యమున! అప్పుడు గింత సన్నగుండెనా?" పైనున్న ఎర్ర అక్షరాలు చదివాక నవ్వు ఆగిపోయింది. "తప్పిపోవుడేంది? నాలుగేండ్ల సంది నా దగ్గర్నే పనిచేస్తాంది గద."

"ఏది? నా బిడ్డ ఏది?"

"గిప్పుడే పోయింది. చాయ్ గూడ ముట్టలే. ఫోనొచ్చింది, బ్యాగు పట్టుకొని ఉరికింది. రేపటిసంది పనికి రానన్నది."

యాకయ్య ఆ ఖాళీ కుర్చీని రెండు చేతులా పట్టుకున్నాడు. పోస్టర్ కింద పడింది.

"ఎవడు చేసిండు ఫోను? ఎవడు వాడు?"

"ఎవడో ఎందుకు చేస్తడు పెద్దాయనా?" రాజేశ్వరి పోస్టర్ తీసి అతని చేతిలో పెట్టింది. "వాళ్ళమ్మ. రోజుకొక్కసారి చేస్తది. ఇయ్యాల రెండోసారి చేసింది."